మైకు ముందు మర్యాద

తెల్లవారుజామున ఊరు ఇంకా నిద్ర లేవకముందే ఆకాశవాణి కేంద్రంలో ఒక గదిలో దీపాలు వెలుగుతాయి. ప్రసారం ఆరంభం కావడానికి చాలా ముందుగానే అనౌన్సరు అక్కడికి చేరుకోవాలి. దశాబ్దాలపాటు ఉదయం డ్యూటీకి వచ్చేవారిని కార్యాలయ వాహనం ఇంటి దగ్గరే ఎక్కించుకొని తీసుకువచ్చేది. ఆ వాహనం ఆలస్యమైనా, దారిలో టైరు పంక్చరైనా, ఇంట్లో పిల్లవాడికి రాత్రంతా జ్వరం కాసినా ప్రసార సమయం మాత్రం ఒక్క సెకను కూడా జరగదు. వాల్టర్ కౌఫ్‌మన్ శివరంజని రాగంలో కూర్చినదిగా ప్రసిద్ధి పొందిన సంకేత సంగీతం వినిపిస్తుంది. దాని వెంట వందేమాతరం, ఆపైన మంగళవాద్యం. అప్పుడు అనౌన్సరు ముందున్న ఫేడరును మెల్లగా జరిపి, కేంద్రం పేరు చెప్పి, శ్రోతలకు నమస్కారం చేస్తారు. పొయ్యి మీద పాలగిన్నె పెడుతున్న ఇల్లాలికి గాని, పొలానికి బయలుదేరుతున్న రైతుకు గాని ఆ గొంతు వెనుక ఉన్న హడావిడి తెలియదు. తెలియకూడదు కూడా. ఆ ఉద్యోగంలోని మొదటి మర్యాద అదే.

తెలుగువారికి రేడియోతో అనుబంధం తొమ్మిది దశాబ్దాల నాటిది. హైదరాబాదులో 1935లో దక్కన్ రేడియో మొదలయింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమై తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలనూ అందించింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో చేరింది. విశాఖపట్నం, కడప కేంద్రాలు 1963లో ఏర్పడ్డాయి. ఈ కేంద్రాల నుంచి వినిపించిన గొంతులకు తెలుగు ఇళ్ళలో చుట్టరికం కుదిరింది. బాలల కార్యక్రమాలు నిర్వహించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను పిల్లలే కాదు, ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలిచేవారు. ఉషశ్రీ విజయవాడ కేంద్రం నుంచి రామాయణ భారతాలు చెబుతూ ఉంటే ఊరి అరుగుల మీద జనం చేరేవారు. ముఖం చూడని మనిషిని అన్నయ్య అని పిలవడం మామూలు విషయం కాదు. అలా పిలిపించుకొన్నవారికి అన్నయ్యలాగా ప్రవర్తించే బాధ్యత కూడా వచ్చిపడుతుంది. ఆ బాధ్యత పెద్ద సందర్భాల్లో కంటే చిన్నచిన్న పొరపాట్లు జరిగినప్పుడే ఎక్కువగా పరీక్షకు నిలుస్తుంది.

పొరపాటు జరగని రోజు రేడియోలో ఉండదు. బయటివారికి స్టూడియో అంటే నిశ్శబ్దమైన, చల్లని గది. లోపల ఉన్నవారికి అది ఒంటిచేత్తో నాలుగు పొయ్యిల మీద వంట చేయడం వంటిది. ఎదురుగా ఆనాటి కార్యక్రమాల క్రమాన్ని సెకన్లతో సహా చూపే క్యూ షీటు ఉంటుంది. ఒక పక్క గడియారం. గోడ మీద ఎర్రదీపం. అది వెలిగిందంటే మైకు ‘బతికి’ ఉన్నట్టే. తలుపు తీయరాదు, కుర్చీ జరపరాదు, గొంతు సవరించుకోరాదు. గ్రామఫోను రికార్డులు, టేపులు వాడిన కాలంలో ఈ పనికి మరింత నేర్పు కావలసి వచ్చేది. రికార్డులు మూడు వేగాలవి: నిమిషానికి 78, 45, 33 చుట్లు. 45 చుట్ల రికార్డును 78 వేగంలో పెడితే గంభీరమైన పురుష కంఠం చిలక పలుకై వినిపించేది. ముల్లు ఒక గీతలో చిక్కుకుంటే పల్లవిలోని ఒక్క ముక్కే పదిసార్లు తిరిగేది. టేపు తెగితే ఉన్నట్టుండి పాట ఆగిపోయేది. ఇప్పుడు పాటలన్నీ కంప్యూటరులో ఉన్నాయి కాబట్టి ముల్లు చిక్కుకోవడం లేదు. దానికి బదులు కంప్యూటరే బిగుసుకుపోతున్నది. యంత్రం మారింది గాని, ఆ క్షణంలో అనౌన్సరు గుండె కొట్టుకొనే వేగం మారలేదు.

వీటన్నిటిలో భయంకరమైనది మౌనం. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కొద్ది సెకన్ల మౌనం సహజంగానే ఉంటుంది. ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది కదా. రేడియోలో అయిదు సెకన్ల మౌనానికే శ్రోత సెట్టు వైపు తిరుగుతాడు. పది సెకన్లకు బ్యాటరీలు అయిపోయాయేమోనని అనుమానిస్తాడు. మరి కొంచెం సేపయితే ముల్లు తిప్పి వేరే కేంద్రానికి వెళ్ళిపోతాడు. అందువల్లనే ప్రతి కేంద్రంలోనూ ఏ క్షణంలోనైనా వినిపించడానికి వీలుగా కొంత వాద్యసంగీతాన్ని సిద్ధంగా ఉంచుతారు. ఢిల్లీ నుంచి రావలసిన వార్తల లైను తెగిపోయినప్పుడు ఎన్నోసార్లు వీణో, వేణువో ఆదుకొన్నది. అనుభవం లేని అనౌన్సరు అటువంటి సమయంలో కంగారుపడి లోపమంతా ఇంజనీరింగు విభాగానిదని శ్రోతలకు వివరించబోతారు. అనుభవజ్ఞులు అంతరాయానికి చింతిస్తున్నామని ఒక్క మాట చెప్పి తరువాతి అంశానికి వెళ్ళిపోతారు. తప్పు నిజంగా తమది కాకపోయినా ‘మేము’ అనే అంటారు. శ్రోతకు గొంతు ఒక్కటే తెలుసు. ఆ గొంతు వెనుక ఎన్ని విభాగాలున్నాయో అతనికి అనవసరం. క్షమాపణ కూడా పొడవుగా ఉండరాదు. పొరపాటు రెండు సెకన్లది, క్షమాపణ రెండు నిమిషాలది అయితే శ్రోతను ఇబ్బంది పెట్టినది రెండవదే అవుతుంది.

ఫేడరు మూయడం మరచిపోవడం ఇంకొక నిత్యగండం. పాట మొదలయింది కదా అని పక్కనున్నవారితో కాఫీ సంగతి మాట్లాడితే, ఆ కాఫీ సంగతి పాటతో పాటు నాలుగు జిల్లాలకు వినిపిస్తుంది. కాఫీ అయితే ఫరవాలేదు. అప్పుడే మాట్లాడి వెళ్ళిన అతిథి మీదనో, ఉత్తరం రాసిన శ్రోత అక్షరదోషాల మీదనో చేసిన వ్యాఖ్య అయితే దానిని వెనక్కు తీసుకోవడం ఎవరి తరమూ కాదు. ఈ కారణంగానే పాత తరం అనౌన్సర్లు ఒక అలవాటు చేసుకొన్నారు. మైకు మూసి ఉన్నా, తెరచి ఉన్నా స్టూడియోలో ఒకే రకంగా మాట్లాడేవారు. వినడానికి ఇది జాగ్రత్తలా అనిపిస్తుంది. నిజానికి అది అంతకంటే లోతైనది. శ్రోత వినని సమయంలో శ్రోతను వెక్కిరించే మనిషి గొంతులో, శ్రోత వింటున్నప్పుడు ఎంత దాచుకొన్నా, ఆ చులకన ఎక్కడో ఒకచోట పలుకుతుంది.

నవ్వు సంగతి వేరు. అది చెప్పి రాదు. నవ్వరాదని అనుకొన్నకొద్దీ పొంగుకొస్తుంది. దీనికి ప్రపంచమంతటా పేరుపొందిన ఉదాహరణ బి.బి.సి. రేడియోలో 2008 మార్చి 28 ఉదయం జరిగింది. ఫ్రాన్సు దేశీయుడైన ఎద్వార్ లియోన్ స్కాట్ 1860లో పొగమసి పూసిన కాగితం మీద గీతలుగా నమోదు చేసిన ఒక పాటను అమెరికా పరిశోధకులు శబ్దంగా మార్చారు. ప్రపంచంలో అతి పురాతనమైన ఆ గానం ముక్కను వార్తల్లో వినిపించారు. ఆ రొద సీసాలో చిక్కిన తేనెటీగ చప్పుడులా ఉందని ఎవరో వార్తాపాఠకురాలి చెవిలో అన్నారు. అంతే, ఎంతో అనుభవం ఉన్న ఆమెకు నవ్వు ఆగలేదు. దురదృష్టవశాత్తు తరువాతి వార్త ఒక సినీ రచయిత మరణం గురించి. దానిని చదవబోయి ఆమె పూర్తిగా తబ్బిబ్బయ్యారు. శ్రోతలు చాలామంది ఆమెను మన్నించారు. అది బాగా నవ్వుకొన్న ఉదయమని చెప్పుకొన్నారు. అయితే ఆ మరణవార్తను ఆ రచయిత కుటుంబం వారు వింటూ ఉంటే ఏమనుకొనేవారు అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. ఇక్కడ తప్పు నవ్విన మనిషిది మాత్రమే కాదు. ఎర్రదీపం వెలుగుతున్నప్పుడు చదివేవారి చెవిలో చమత్కారం చెప్పరాదన్నది ప్రతి స్టూడియోలోనూ ఉన్న రాయని నియమం. మరొక విచిత్రం ఏమంటే, ఆ పాటను పరిశోధకులు రెట్టింపు వేగంలో వినిపించారని మరుసటి సంవత్సరం తేలింది. స్త్రీ కంఠమనుకొన్నది నిజానికి పురుష కంఠం, బహుశా స్కాట్‌దే. రికార్డును తప్పు వేగంలో పెట్టడం కేవలం మన అనౌన్సర్లకే పరిమితమైన పొరపాటు కాదన్నమాట.

ఉచ్చారణలో జరిగే తప్పులు శ్రోతకు వెంటనే తెలిసిపోతాయి. ‘ణ’ పలకడం రాని కొత్త అనౌన్సరు తన సంస్థ పేరునే ఆకాశవాని చేస్తారు. ‘కళ’ను ‘కల’గా, ‘వేళ’ను ‘వేల’గా పలికితే అర్థమే మారిపోతుంది, ‘అర్థం’లోని ఒత్తును తప్పుగా పలికితే అది ‘అర్ధం’, అంటే సగం అవుతుంది. విరామం కూడా అక్షరమంత ముఖ్యమైనదే. ‘పాత పుస్తకాల దుకాణం’ అన్న మూడు మాటల్లో ‘పాత’ తరువాత ఆగితే దుకాణం పాతదవుతుంది. ‘పుస్తకాల’ తరువాత ఆగితే పుస్తకాలు పాతవవుతాయి. శ్రోత చేతిలో కాగితం లేదు. వెనక్కు తిరిగి చదువుకొనే వీలు లేదు. ఒక్కసారి వినిపించినదే అతనికి దక్కుతుంది. కాబట్టి ముందుగా ఒకసారి పైకి చదువుకొని మైకు ముందుకు రావడం అనౌన్సరు శ్రోతకు చూపే గౌరవం.

పేర్ల విషయంలో ఈ గౌరవం మరింత అవసరం. కోరిన పాటల కార్యక్రమానికి ఒకప్పుడు కట్టలు కట్టలుగా పోస్టుకార్డులు వచ్చేవి. ఒక పాట పేరు, కింద ఇంటిల్లిపాది పేర్లు, ఆ కింద ఊరి పేరు. పాటకు మూడు నిమిషాలు పడితే పేర్లు చదవడానికి ఒక నిమిషం పట్టేది. తొందరలో ఉన్న అనౌన్సరుకు అది భారంగానే ఉంటుంది. కాని ఆ కార్డు రాసిన కుటుంబం వారాల తరబడి రేడియో ముందు కూర్చున్నది పాట కోసం కాదు. ఆ పాట ఎక్కడైనా వినవచ్చు. తమ ఊరి పేరు ఆకాశంలో నుంచి వినబడడం కోసం. ఆ ఒక్క పేరును మింగేస్తే వారికి మిగిలేది ఏమీ లేదు. ఊరి పేరు తప్పుగా చదివితే మరునాడే మరొక కార్డు వచ్చేది. మంచి అనౌన్సర్లు ఆ కార్డును చించి పారేసేవారు కారు. తరువాతి వారం సరిచేసి చదివి, తప్పు చూపినందుకు కృతజ్ఞత చెప్పేవారు.

ఊరి పేరు తప్పితే ఎప్పుడూ చిన్నబుచ్చుకోవడంతోనే పోదు. గోదావరి ఒడ్డున కొవ్వూరు ఉంది. నెల్లూరు పక్కన, పెన్నకు అవతల కోవూరు ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిన సమాచారంలో ఈ రెండు పేర్లకూ తేడా స్వల్పం. వరద వచ్చినప్పుడు ఒకదానికి బదులు మరొకటి చదివితే, ఒక నది పక్కనున్నవారు అనవసరంగా మూటలు సర్దుకొంటారు, మరొక నది పక్కనున్నవారు నిశ్చింతగా నిద్రపోతారు. అంకెలకూ ఇదే వర్తిస్తుంది. ఓడరేవుల్లో ఎగురవేసే తుపాను సూచికలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. మూడో నంబరు ముందుజాగ్రత్త కోసం. పదో నంబరు అతి తీవ్రమైన ప్రమాదానికి గుర్తు. గరగరలాడే మీడియం వేవ్ ప్రసారంలో ‘మూడు’కు, ‘ఏడు’కు తేడా వినిపించడం కష్టం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పదివేలమందికి పైగా చనిపోయారు. ఆ తీరాన పడవ కట్టాలా విప్పాలా అని రేడియోను అడిగే బెస్తవాడికి అనౌన్సరు గొంతు వినోదం కాదు. తుపాను హెచ్చరికను మామూలు వార్తలకంటే మెల్లగా, అంకెను ఒకటికి రెండుసార్లు చదవడం ఇందుకోసమే.

వ్యవసాయ కార్యక్రమాల్లోనూ ఇటువంటి బరువే ఉంటుంది. తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో 1960ల్లో కొత్త వరి వంగడం ఒకటి రేడియో ద్వారా ఎంతగా వ్యాపించిందంటే, ఏ.డి.టి. 27 అన్న దాని అసలు పేరును వదిలి రైతులు దానిని రేడియో వరి అనే పిలిచారు. చెప్పినదానిని అంతగా నమ్మేవారు వింటున్నప్పుడు, లీటరు నీటికి రెండు మిల్లీలీటర్ల మందు అన్నదానిని ఇరవై అని చదివితే పైరు మాడిపోతుంది. చదివినవారికి అది నోరు జారడం మాత్రమే. రైతుకు ఒక పంట కాలం.

ఇవి నోటి పొరపాట్లు. చదివినవారి ఉచ్చారణలో ఏ లోపమూ లేకుండా, చదివిన విషయమే అబద్ధమైన సందర్భమూ మన దేశంలో ఉంది. 1979 మార్చి 22న లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ బొంబాయి ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నారు. ఆయన కన్నుమూశారన్న సమాచారం ఢిల్లీకి చేరింది. ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి లోక్‌సభలో ఆ విషయం ప్రకటించి నివాళి అర్పించారు. సభ వాయిదా పడింది. ఆకాశవాణి ఆ వార్తను దేశమంతటికీ వినిపించింది. పలుచోట్ల దుకాణాలు మూసివేశారు. అంతలోనే ఆయన బతికే ఉన్నారని తెలిసింది. ప్రభుత్వం విచారం ప్రకటించవలసి వచ్చింది. జయప్రకాశ్ ఆ తరువాత ఆరు నెలలకు పైగా జీవించి, అదే సంవత్సరం అక్టోబరు 8న పాట్నాలో మరణించారు. దేశ ప్రధాని సభలో చెప్పిన మాటను నమ్మడం వార్తా విభాగం తప్పు అని ఎవరూ గట్టిగా అనలేరు. కాని రోగి మంచం పక్కన ఉన్నవారిని అడగకుండా మరణవార్త చెప్పరాదన్న పాఠం ఆనాడు అందరికీ అందింది. మరణవార్త విషయంలో ముందుగా చెప్పామన్న ఘనత ఎవరికీ అక్కరకు రాదు. అటువంటి తప్పును సరిదిద్దవలసి వచ్చినప్పుడు ఏ గొంతుతో, ఏ స్థాయిలో తప్పు చెప్పారో ఆ గొంతుతోనే, ఆ స్థాయిలోనే ఒప్పు చెప్పాలి. తప్పును తాటికాయంత అక్షరాలతో చెప్పి, సవరణను గొణగడం వార్తా ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద అమర్యాద.

స్టూడియోకు వచ్చే అతిథుల పట్ల చూపవలసిన మర్యాద మరొక విధమైనది. సభలో వేలమంది ముందు అనర్గళంగా మాట్లాడే పండితుడు కూడా నాలుగు గోడల మధ్య, ఒక లోహపు మైకు ఎదుట, ఒంటరిగా కూర్చోగానే తడబడతాడు. తల ఊపేవారు లేరు, చప్పట్లు లేవు. ఆయన చేతిలోని కాగితాలు వణికి గలగలలాడతాయి. ఆ చప్పుడు మైకులో తాటాకుల మీద వాన పడినట్టు వినిపిస్తుంది. అతిథి చేతి గాజులు, జేబులోని తాళాలగుత్తి, బల్ల మీద అలవాటుగా వేసే తాళం, ఇవన్నీ ప్రసంగంతో పోటీ పడతాయి. పెద్దవారికి ఈ సంగతి చెప్పడం ఎలా? ‘చప్పుడు చేయకండి’ అంటే ఆయన మనస్సు చివుక్కుమని ఉన్న ధైర్యం కూడా పోతుంది. నేర్పు తెలిసిన అనౌన్సరు కాగితాలను ముందే విడదీసి పక్కపక్కన పరచి, గ్లాసుతో మంచినీళ్ళు అందించి, ‘అయ్యా, మీ ఇంట్లో మనవడితో మాట్లాడినట్టు నాతో మాట్లాడండి’ అని తాను ఎదుట కూర్చుంటారు. మైకును మరచిపోయేలా చేయడమే ఆతిథ్యం. సమయం మించిపోతున్నప్పుడు ఆపడం ఇంకా కష్టమైన పని. పదిహేను నిమిషాల ప్రసంగానికి ఇరవై పుటలు రాసుకొని వచ్చిన పెద్దమనిషిని మధ్యలో నిలిపివేస్తే అవమానం. నిలపకపోతే వార్తల సమయానికి అడ్డం. అందుకే చాలా ప్రసంగాలను ముందుగానే రికార్డు చేసేవారు. పొరపాట్లు సవరించడానికి వీలుంటుందన్నది ఎలాగూ ఉంది. పెద్దవారిని ప్రసారం మధ్యలో చిన్నబుచ్చకుండా ఉండడానికి కూడా అది ఒక మార్గం.

టెలిఫోను వచ్చి శ్రోతనే స్టూడియోలోకి తెచ్చింది. ప్రత్యక్ష ప్రసారంలో ఫోను చేసిన వ్యక్తి ఇంట్లో రేడియో గట్టిగా మోగుతూ ఉంటే అతని మాట అతనికే తిరిగి వినిపించి గందరగోళం అవుతుంది. ‘మీ రేడియో సౌండు తగ్గించండి’ అని రోజుకు ఇరవైసార్లు చెప్పవలసి వచ్చినా, ఇరవయ్యవసారి కూడా మొదటిసారి చెప్పినట్టే చెప్పాలి. ఆ ఇరవయ్యవ శ్రోత ఫోను చేయడం జీవితంలో అదే మొదటిసారి కావచ్చు. కొందరు చెప్పదలచుకొన్నది మరచిపోతారు. కొందరు ఏడుస్తారు. కొందరు పక్కింటివారి పేరు చెప్పి నిందించడం మొదలుపెడతారు. అప్పుడు ఫేడరు దించక తప్పదు. ఆకాశవాణికి ప్రసార నియమావళి ఉంది. మతాల మీద, వర్గాల మీద దాడి, అశ్లీలం, పరువునష్టం, హింసకు ప్రేరణ వంటివన్నీ అందులో నిషిద్ధం. అయితే వృద్ధులను మీరు అని సంబోధించాలనీ, మాట తడబడినవారిని తొందరపెట్టరాదనీ, యాసను అనుకరించి నవ్వించరాదనీ ఏ నియమావళిలోనూ రాసి ఉండదు. రాయని నియమాలే ఎక్కువ.

యాస విషయంలో తెలుగు రేడియో చాలాకాలం ఒక చిక్కును మోసింది. శిష్టభాష పేరుతో కొన్ని జిల్లాల పలుకుబడికే పెద్దపీట వేయడం, మిగిలిన ప్రాంతాల భాషను హాస్యపాత్రలకు అప్పగించడం జరిగింది. తమ మాటతీరు ఎప్పుడూ నవ్వించడానికే వినపడుతూ ఉంటే ఆ ప్రాంతపు శ్రోతకు ఎలా ఉంటుందో ఆలోచించినవారు తక్కువ. జహీరాబాదు దగ్గర మాచనూరు గ్రామంలో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో ఈ చిక్కుకు ఒక సమాధానం చూపింది. దళిత స్త్రీలే నడిపిన ఆ కేంద్రంలో విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, పండుగల గురించి వారు పొలంలో మాట్లాడుకొనే తెలంగాణ పలుకుబడిలోనే మాట్లాడారు. అక్కడ యాస అన్న మాటకే చోటు లేదు; అది వారి భాష.

ఇరవై ఒకటవ శతాబ్ది తొలి దశకంలో హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల్లో ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు రావడంతో అనౌన్సరు రేడియో జాకీ అయ్యారు. మాట వేగం పెరిగింది, ఇంగ్లీషు పాలు హెచ్చింది. వీటిని చూసి పాత తరం శ్రోతలు పెదవి విరిచారు గాని, వేగంగా మాట్లాడడం అమర్యాద కాదు. ఆటోలో, బస్సులో వెళుతున్న యువకుడితో అతని వేగంలోనే మాట్లాడడంలో తప్పు లేదు. ఆలోచించవలసినది మరొకటి ఉంది. తెలియనివారికి ఫోను చేసి, మారుపేరు చెప్పి, వారిని కంగారుపెట్టి, ఆ కంగారును అందరికీ వినిపించడం ఒక కార్యక్రమ విధానంగా అనేక దేశాల్లో ప్రచారంలోకి వచ్చింది. 2012 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని ఒక రేడియో కేంద్రానికి చెందిన ఇద్దరు ప్రయోక్తలు బ్రిటన్ రాణి, యువరాజు గొంతులు అనుకరిస్తూ లండన్‌లోని ఒక ఆసుపత్రికి ఫోను చేశారు. రాజకుటుంబపు కోడలు అప్పుడు అక్కడ చికిత్స పొందుతున్నారు. తెల్లవారుజామున ఫోను తీసిన నర్సు భారతదేశంలో పుట్టిన మహిళ. ఆమె ఆ మాటలు నమ్మి ఫోనును లోపలి వార్డుకు కలిపారు. అక్కడి మరొక నర్సు రోగి వివరాలు చెప్పారు. రికార్డు చేసిన ఆ సంభాషణను కేంద్రం ప్రసారం చేసింది. ప్రపంచం నవ్వింది. మూడు రోజుల తరువాత ఫోను తీసిన ఆ నర్సు బలవన్మరణానికి పాల్పడ్డారు. ప్రయోక్తలు కన్నీళ్ళతో క్షమాపణ చెప్పారు. అనుమతి లేకుండా ఆ సంభాషణను ప్రసారం చేసిన కేంద్రం చట్టాన్ని ఉల్లంఘించినట్టు ప్రసార నియంత్రణ సంస్థ చేసిన నిర్ణయాన్ని ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం 2015లో సమర్థించింది.

ఆ ప్రయోక్తలు దుర్మార్గులు కారు. ఫోను వెంటనే పెట్టేస్తారనుకొన్నామని వారే తరువాత చెప్పారు. అయితే ఆ కార్యక్రమం ప్రత్యక్ష ప్రసారం కాదు. రికార్డు చేయడానికీ, వినిపించడానికీ మధ్య వ్యవధి ఉన్నది. ఫేడరు జరపడానికి ముందు దొరికిన ఆ కొద్ది సేపట్లో, ఫోను తీసిన ఆమె మరునాడు ఉద్యోగానికి ఎలా వెళుతుందని ఎవరూ అడగలేదు. టేపు తెగినప్పుడు, ముల్లు చిక్కుకున్నప్పుడు అనౌన్సరుకు ఆలోచించే వ్యవధి ఉండదు. ఇక్కడ ఉన్నది. పొరపాటుకూ, అమర్యాదకూ మధ్య ఉన్న గీత అదే.

రాత్రి ప్రసారం ముగిసే వేళకు స్టూడియో మళ్ళీ ఉదయం ఉన్నంత నిశ్శబ్దంగా మారుతుంది. వెళ్ళేముందు అనౌన్సరు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది. ఆనాటి లోపాలన్నీ లాగ్ పుస్తకంలో రాయాలి. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఏ కార్యక్రమంలో ఎన్ని సెకన్ల అంతరాయం కలిగిందో, కారణం ఏమిటో అందులో చేరాలి. ఎవరూ గమనించని పొరపాటును రాయకుండా వదిలివేయడం సులభం. ఎనిమిది సెకన్ల మౌనానికి ‘సాంకేతిక లోపం’ అని రాసి కంట్రోలు రూము మీదకు నెట్టడం ఇంకా సులభం. కొందరు అలా రాస్తారు. మరికొందరు ‘ఫేడరు తెరవడంలో అనౌన్సరు ఆలస్యం’ అని రాసి, కింద సంతకం చేసి, మరునాడు తెల్లవారుజామున వచ్చేవారి కోసం మొదటి టేపును తీసి బల్ల మీద ఉంచి, దీపం ఆర్పి వెళతారు.